జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మన తెలుగు సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీ మీటింగ్‌కి ముందే అందరూ ఒకసారి చదువుకుని వస్తే అక్కడ టైమ్ కలిసొస్తుందని కమిటీ తరఫున ఈ రిపోర్ట్ పెడుతున్నా. లెక్కలు విడిగా షీట్‌లో ఉన్నాయి, ఖజాంచి గారు మీటింగ్‌లో చదువుతారు, ఇక్కడ డబ్బుల మాట ఎత్తట్లేదు.

ఉగాది, వినాయక చవితి, దీపావళి ఎప్పట్లాగే జరిగాయి. ఫోటోలు గ్రూప్‌లో చూసే ఉంటారు, పులిహోర ఈసారి కూడా ముందొచ్చిన వాళ్ళకే దక్కింది, ఇంక చెప్పడానికేం లేదు.

కొత్తగా చేసిందల్లా ఊరు చూడటం. 2025కి కెమ్నిట్జ్ యూరప్ సాంస్కృతిక రాజధాని కదా, ఎక్కడెక్కడి నుంచో జనం ఈ ఊరు చూడ్డానికి వస్తుంటే ఇక్కడే ఉంటున్న మనకి యూనివర్సిటీ, స్టేషన్, ఆల్డీ సూపర్‌మార్కెట్ తప్ప ఇంకేం తెలీకపోతే ఏం బాగుంటుందని మార్చి నుంచి వీలైనప్పుడల్లా ఒక ఆదివారం వాక్ పెట్టుకున్నాం. మనలో చాలామంది ఇక్కడికొచ్చింది టీయూలో (ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీ) సీటొచ్చి, పైగా అద్దెలు తక్కువని. మ్యూనిక్‌లో రూమ్ అద్దె చెప్తే ఇంట్లోవాళ్ళు గుండె పట్టుకుంటారు, ఇక్కడి అద్దె చెప్తే నిజమేనా అని అడుగుతారు. మరి ఇక్కడ ఎందుకింత తక్కువ? మొదటి వాక్‌లో ఎవరో ఊరికే అడిగారు, ఏడాదంతా దాని చుట్టూనే తిరిగాం.

అన్నిట్లోకి బాగా కుదిరింది ఇండస్ట్రీ మ్యూజియం. పాత ఫౌండ్రీ షెడ్లలోనే పెట్టారు, లోపలికి అడుగు పెట్టగానే నూనె వాసన. ఒకప్పుడు ఈ ఊరిని సాక్సనీ మాంచెస్టర్ అనేవాళ్ళట (సాక్సనీ అంటే ఈ ఊరున్న రాష్ట్రం, మాంచెస్టర్ ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులకి పేరుపడ్డ ఊరు), బట్టలు, బట్టలు నేసే మిషన్లు, ఆ మిషన్లని తయారుచేసే మిషన్లు, అన్నీ ఇక్కడే. ఫ్రాన్స్‌లోని ఆల్సేస్‌లో పుట్టిన రిచర్డ్ హార్ట్‌మన్ 1832లో పని వెతుక్కుంటూ వచ్చిన కమ్మరి కుర్రాడు, తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టి నూలు మిషన్లు చేసి 1848లో మొదటి రైలింజన్ కూడా తయారుచేశాడు. తమాషా ఏంటంటే అప్పటికి ఊరికి రైలే లేదు, 1852లో గానీ రాలేదు, అంటే తయారైన ఇంజన్లని గుర్రాలు కట్టి రోడ్డు మీద ఈడ్చుకెళ్ళాలి. లూయీ షోన్‌హెర్ అనే ఇంకో ఆయన మరమగ్గాలకి పేరు, ఆయన ఫ్యాక్టరీ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, అందులో ఇప్పుడు ఆఫీసులు, హోటళ్ళు నడుస్తున్నాయి.

మ్యూజియంలో మగ్గాలని అప్పుడప్పుడు నడిపి చూపిస్తారు. రిటైరైన ఒక పెద్దాయన స్విచ్ వేయగానే షెడ్డంతా టకటకా మోత, మేమంతా చెవులు మూసుకున్నాం, సిరిసిల్ల నుంచి వచ్చిన మన తమ్ముడొకడు మాత్రం నవ్వుతూ నిలబడ్డాడు, వాళ్ళ నాన్న సాంచాల (మరమగ్గాల) మీదే పని చేశాడు, చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినవాడు. కాసేపటికి వాడే వేలు పెట్టి చూపించాడు, పడుగులో ఒక పోగు తెగింది. పెద్దాయన ఇంకా చూసుకోలేదు. ఆపి, వీడి వైపు ఒకసారి చూసి, పక్కకి జరిగి నువ్వే కట్టు అన్నట్టు చెయ్యి చూపించాడు. వీడు రెండు కొసలూ వేళ్ళ మధ్య మెలేసి ముడేసి మిగిలిన కొస తుంచేశాడు, మాకు ఎప్పుడు వేశాడో కూడా కనపడలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు, వీడి జర్మన్ బీ వన్ లెవెల్ (మధ్యస్థం) దగ్గరే ఆగిపోయింది, అయినా అరగంట మాట్లాడుకున్నారు, ఎక్కువ చేతులతోనే.

కార్ల్ మార్క్స్ తల దగ్గర గ్రూప్ ఫోటో కూడా తీసుకున్నాం, ఇన్నేళ్ళుగా దాని ముందు ట్రామ్ ఎక్కుతున్నా దాని సంగతి మాకెవరికీ తెలీదు. లెవ్ కెర్బెల్ అనే సోవియట్ శిల్పి చేశాడు, 1971లో ఆవిష్కరించారు, తల ఒక్కటే 7 మీటర్ల పైన, బరువు 40 టన్నులు. వెనక గోడ మీద ప్రపంచ కార్మికులారా ఏకం కండి అని నాలుగు భాషల్లో ఉంది (తెలుగు లేదు, మన కామ్రేడ్ ఒకరు బాగా ఫీలయ్యారు). ఈ ఊరు కమ్యూనిస్టుల తూర్పు జర్మనీలో ఉన్నప్పుడు, 1953లో ఊరి పేరే కార్ల్ మార్క్స్ స్టాట్ (మార్క్స్ నగరం) అని మార్చేశారు, ఆయన ఈ ఊరికి ఒక్కసారి కూడా రాలేదు. 1990లో ఓటింగ్ పెడితే 76 శాతం పాత పేరే కావాలన్నారు. పేరు తీసేశారు గానీ తల మాత్రం ఉంచుకున్నారు, ఈ పద్ధతి నాకు నచ్చింది. లోకల్ వాళ్ళు దాన్ని నిషెల్ అంటారు, బుర్రకాయ అన్నట్టు.

మార్చి 5న శాంతి దినం కార్యక్రమానికి కొంతమందిమి వెళ్ళాం. 1945లో అదే రోజు రాత్రి బాంబులు పడి రెండు వేల మందికి పైగా చనిపోయారు, సిటీ సెంటర్ చాలావరకు నేలమట్టం. సెంటర్‌లో పాత వీధులు పెద్దగా కనపడవేంటి, అన్నీ వెడల్పు రోడ్లూ డబ్బా బిల్డింగులేనా అని విసుక్కునే వాళ్ళకి కారణం ఇది. పాత ఇళ్ళు చూడాలంటే కాస్‌బెర్గ్ పేట వైపు వెళ్ళండి, బాగా మిగిలాయి. అక్కడే జైలు కూడా ఉంది, తూర్పు జర్మనీ తన రాజకీయ ఖైదీలని డబ్బు తీసుకుని పశ్చిమ జర్మనీకి అప్పజెప్పేది కదా, వాళ్ళలో ఎక్కువమందిని ఇక్కడి నుంచే బస్సెక్కించారు. ఇప్పుడది స్మారకం. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందే ఆలోచించుకోండి.

ఇక అద్దెల సంగతి. 1990లో రెండు జర్మనీలు కలిసినప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీలకి తూర్పు దేశాల గిరాకీ పోయింది, డబ్బు ఒక్కసారిగా పశ్చిమ జర్మనీ మార్కుల్లోకి మారింది, ఫ్యాక్టరీలని ఒకదాని తర్వాత ఒకటి అమ్మేశారు, మూసేశారు. కుర్రాళ్ళంతా పని కోసం పశ్చిమానికి వెళ్ళిపోయారు. ఒకప్పుడు 3 లక్షలు దాటిన జనం ఇప్పుడు రెండున్నర లక్షల దగ్గర ఉన్నారు, హెకర్ట్ కాలనీ వైపు ఖాళీ అపార్ట్‌మెంట్లు కొన్నిటిని కూలగొట్టారు కూడా. మన చవక రూములు ఆ వెళ్ళిపోయిన వాళ్ళు ఖాళీ చేసినవే. ఒక ఆదివారం వాక్‌లో ఇది మాట్లాడుకున్నాక ఊళ్ళో పనుల్లేక గల్ఫ్‌కి వెళ్ళిన వాళ్ళ ఇళ్ళ గురించి జగిత్యాల సభ్యులు చాలాసేపు చెప్పారు.

కొత్తగా వచ్చేవాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేసి 2018 గొడవల గురించి అడుగుతుంటారు. ఆ ఆగస్టులో ఇక్కడ ఒక హత్య జరిగాక విదేశీయుల మీద కోపంతో గుంపులు రోడ్డెక్కిన మాట నిజం, వారం తిరిగాక దానికి వ్యతిరేకంగా జరిగిన ఉచిత కచేరీకి 65 వేల మంది వచ్చిన మాటా నిజమే. అంతా బ్రహ్మాండం అని మేం చెప్పం, రాత్రిళ్ళు ఆలస్యమైతే ఇద్దరు ముగ్గురు కలిసి రండి అని మాత్రం చెప్తాం.

బతుకమ్మకి తంగేడు ఇక్కడెక్కడ దొరుకుతుంది, చామంతులు కొన్నాం, పసుపు రంగుకి మాత్రం పాత రైలు పట్టాల పక్కన, మూతబడ్డ ఫ్యాక్టరీల ఖాళీ జాగాల్లో విపరీతంగా పెరిగే గోల్డెన్‌రాడ్ కోసుకొచ్చాం. సెప్టెంబర్ చివరికి సగం వాడిపోయాయి, అయినా రెండు వరసలకి సరిపోయాయి, దూరం నుంచి చూస్తే తంగేడే. చెరువులో వదలడానికి ఒక ఆఫీసుకి లెటర్ పెట్టాం, ఇంకో ఆఫీసుని అడగమన్నారు, వాళ్ళు మళ్ళీ మొదటివాళ్ళనే అడగమన్నారు, చివరికి ష్లోస్‌టైష్ చెరువు గట్టున ఆడి, ప్లాస్టిక్ టబ్బులో నిమజ్జనం చేశాం. అత్తలు, అక్కలు కొంచెం నొచ్చుకున్నారు గానీ పాటలకేం లోటు రాలేదు, కుక్కల్ని తిప్పడానికొచ్చిన ముసలమ్మలు ఇద్దరు వలయంలో కలిసి చప్పట్లు కూడా కొట్టారు.

మీటింగ్‌లో తేల్చాల్సింది ముఖ్యంగా ఒక్కటే, సంఘాన్ని ఫెరైన్‌గా (జర్మన్ చట్టం కింద నమోదైన సంఘంగా) రిజిస్టర్ చేయించాలా వద్దా. దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, నియమావళి రాసుకోవాలి, నోటరీ దగ్గర సంతకాలు, కోర్టు రిజిస్టర్‌లో ఎంట్రీ. రిజిస్టర్ అయితే హాల్ బుకింగ్ ఎవరో ఒకరి సొంత పేరు మీద చేయాల్సిన తిప్పలు తప్పుతాయి, కాకపోతే ఏటా కాగితాల పని ఎవరు చూస్తారన్నదే గొడవ, ఉద్యోగం దొరగ్గానే స్టుట్‌గార్ట్ వెళ్ళిపోయేవాళ్ళే కదా మనలో సగం మంది. ఇక్కడే ఉండాలనుకునే వాళ్ళు చేతులెత్తితే పని సులువు.

కార్యదర్శి పోస్ట్‌కి ఈసారి నేను నిలబడట్లేదు, థీసిస్ ఉంది. పెద్ద గిన్నెలు రెండూ, బతుకమ్మ టబ్బూ మా బిల్డింగ్ కెల్లర్‌లో (కింది నేలమాళిగలో) ఉన్నాయి, నేను రూమ్ ఖాళీ చేసేలోపు కొత్త కమిటీ వచ్చి తీసుకెళ్ళాలి, కారున్నవాళ్ళు గ్రూప్‌లో చెప్పండి.