నడక పాడైంది సరే, మా మాటకు జవాబేది?

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: విశాఖ సముద్రతీర నడకపై ఇచ్చిన ఫిర్యాదును పట్టించుకోకపోవడం

అయ్యా,

మీ విశాఖ టూరులో మా పెద్దవాళ్ళను సముద్రం నీళ్ళు పైకొచ్చిన వేళ తీరం వెంట నడకకు తీసుకెళ్ళారని మీకు ఫిర్యాదు ఇచ్చాం. దాని గురించి మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటారు. నొక్కితే హిందీలో మాట్లాడే అమ్మాయి వస్తుంది. బుకింగ్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ అన్నీ రాసుకుని ఆపరేషన్స్‌కి కలుపుతానంటుంది. కాసేపు మ్యూజిక్ వచ్చి లైన్ కట్టయిపోతుంది. మళ్ళీ చేస్తే ఇంకో అబ్బాయి, మళ్ళీ మొదటి నుంచి. అమీర్‌పేట ఆఫీసులో అడిగితే అది వైజాగ్ బ్రాంచి టూరు, వాళ్ళనే అడగండన్నారు. వైజాగ్ వాళ్ళేమో "డబ్బు హైదరాబాద్‌లో కట్టారు కద సార్, మా చేతిలో ఏముంది" అన్నారు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలకు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. చివరికి ఒక మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

మొత్తం విన్నది ఒకే ఒక్కరు. ఆయనా "సముద్రం మా కంట్రోల్లో ఉండదు కదా సార్" అని పెట్టేశారు. అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించిన మాట ఇదే. సముద్రం ఎవరి చేతిలోనూ ఉండదు, కానీ ఆటుపోట్ల వేళలు, అంటే నీళ్ళు తగ్గే (ఆటు), పెరిగే (పోటు) వేళలు, ముందే తెలుస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఈ వేళల పట్టికలు (టైడ్ టేబుల్స్) వేస్తుంది. అలల హెచ్చరికలిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది.

మీ బ్రోచర్‌లో సీజనంతా ఒకటే టైము, ఉదయం తొమ్మిది. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇవాళ తొమ్మిదికి పోటుంటే, వారం తిరిగేసరికి అదే తొమ్మిదికి ఆటు వస్తుంది. అంటే మీ టైము కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు అసలు పనికిరాదు. మమ్మల్ని తీసుకెళ్ళింది పౌర్ణమి నాడు, సరిగ్గా పోటు వేళ. పౌర్ణమికి, అమావాస్యకు నీళ్ళు మామూలుకన్నా పైకొస్తాయి. ఆటులో గట్టిగా ఉండే తడి ఇసుక మునిగిపోయి, అడుగు దిగబడే పొడి ఇసుకే మిగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు అందులో ఎంతదూరం నడుస్తారు? మంగమారిపేట రాతి తోరణం దగ్గర రాళ్ళ మీద పాచి, వాటి మీదికి అలలు. అక్కడికి పూర్తి ఆటుకు గంటన్నర ముందు బయల్దేరి, నీళ్ళు తిరిగి పెరగకముందే వెనక్కి రావాలి. ఆ రోజు పోటే ఉంటే ఎదురుగా తొట్లకొండ ఎక్కించి బౌద్ధ స్తూపాలు చూపించవచ్చు, లేదా ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళవచ్చు. ఇవన్నీ మా ఫిర్యాదులో రాశాం. చదివి ఉంటే మీకే పనికొచ్చేది.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ శ్రీశైలానికైనా, అరకుకైనా మీ బస్సే మాట్లాడుతుంది. ఆ నమ్మకంతోనే పెద్దవాళ్ళను మీ చేతుల్లో పెట్టాం. అడ్వాన్సు కట్టే ముందు రోజూ ఫోన్ చేసిన మీ సేల్స్ వాళ్ళు ఇప్పుడు మా నంబరు చూస్తే ఎత్తడం లేదు.

ఫిర్యాదు చదివిన అధికారి తన పేరు, హోదాతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. నడవలేక బస్సులోనే కూర్చున్నవాళ్ళ డబ్బు తిరిగివ్వాలి. బ్రోచర్‌లో తొమ్మిది గంటలు తీసేసి ఏ తేదీకి ఆ తేదీ ఆటు వేళ వేయాలి. 15 రోజులు చూస్తాం. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. మీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి ఉంచాం.

ఇట్లు,
అసోసియేషన్ తరఫున,
కూకట్‌పల్లి, హైదరాబాద్