మడ అడవికి ఆటుపోటు ఆపొద్దు

సంపాదకునికి,

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో బోటెక్కి ఫొటోలు దిగి వచ్చేస్తున్నాం. ఆ తెల్లమడ, నల్లమడ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్లలు, పీతలు, పండుగప్ప పిల్లలు పెద్ద చేపల నోట పడకుండా ఎదుగుతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట ఆపి చేపల్ని గుడ్లు పెట్టనిస్తున్నాం, సరే. పిల్లలు పెరిగే చోటే పోతే మత్స్యకారులు ఆ రెండు నెలలు పస్తులుండి ఏం లాభం? 2019 నాటి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ మడ అడవులను గట్టి రక్షణ ఉన్న 1ఎ కేటగిరీలో పెట్టింది. కానీ వీటిని చంపడానికి గొడ్డలే అక్కర్లేదు; గట్టు వేసి ఆటుపోటు నీళ్లు ఆపేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. తీరంలో ఏ పనికి అనుమతి ఇచ్చినా, పాయలు మూసుకుపోవని ముందే స్థానిక మత్స్యకారులకు మ్యాపు వేసి చూపించాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ