వెయ్యి డాలర్ల ఇల్లు

ఫార్మింగ్‌టన్ హిల్స్, మిషిగన్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి పెళ్ళిచూపుల సంగతి రెండు ముక్కల్లో తేల్చేశావు, ఈసారి వివరంగా రాయి. నువ్వడిగిన రెండో విషయం మాత్రం వారం రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "డెట్రాయిట్‌లో వెయ్యి డాలర్లకే ఇల్లు ఇస్తున్నారట, చెరి సగం వేసుకుని ఒకటి కొందామా" అని రాశావు కదా. నిజమేరా, వేలంపాట వెయ్యి దగ్గరే మొదలవుతుంది. అయితే అది అంత చవక ఎందుకయిందో నీకు చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా మునిసిపాలిటీలో ఇంటి పన్ను లెక్కలు చూస్తున్నవాడివి, ఈ గొడవ నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళం ఎక్కువమందిమి ఉండేది నగరం బయట, నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్ళలో. చుట్టాలొస్తే నది చూపించడానికి తప్ప డెట్రాయిట్‌లోకి పెద్దగా వెళ్ళం. నేనూ అంతే. ఓసారి మా ఆఫీసులో పనిచేసే పెద్దాయన వాళ్ళమ్మగారికి గడ్డకట్టిన కొళాయి గొట్టం బాగుచేయాలని బయల్దేరితే, సాయానికి వెళ్ళాను. ఆ వీధిలో ఒకప్పుడు ఇరవై ఇళ్ళు ఉండేవట. నేను చూసేనాటికి మనుషులున్నవి ఏడు. మిగతావాటిలో కొన్ని ఖాళీ స్థలాలు, కొన్ని కిటికీలకి చెక్కలు కొట్టిన ఇళ్ళు.

పక్కింటి కథ ఆవిడే చెప్పింది. అప్పు కట్టలేక ఆ ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు. కరెంటు, గ్యాస్ తీసేశారు. మొదటి చలికాలానికే లోపలి నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగిలాయి. ఆ తర్వాత ఎవరో వచ్చి రాగి తీగలు, గొట్టాలు పీక్కుపోయారు. మూడో ఏడు నిప్పంటుకుంది. ఆ రాత్రి ఆవిడ తన గోడలు వేడెక్కుతుంటే కోటు వేసుకుని రోడ్డు మీద నిలబడిందట. తాను ఒక్క నెల కూడా బాకీ పడలేదు, అయినా పక్కిల్లు పాడుపడ్డందుకు ఆవిడ ఇంటికీ విలువ పోయింది. ఇది విన్నాకే నేను ఈ లెక్కలన్నీ చదవడం మొదలుపెట్టాను.

1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 50 వేలు. 2010కి 7 లక్షల 14 వేలు. కార్ల ఫ్యాక్టరీలు తరలిపోయాయి, వాటి వెంట జనమూ పోయారు. దాని మీద 2008 ఇళ్ళ అప్పుల సంక్షోభం పడింది. 2005 నుంచి పదేళ్ళలో నగరంలో ప్రతి మూడు ఆస్తుల్లో ఒకటి బ్యాంకు అప్పుకో పన్ను బాకీకో జప్తు అయింది. వదిలేసిన ఇళ్ళని చూసుకోవాల్సింది నగరమే, కానీ పన్ను కట్టేవాళ్ళు వెళ్ళిపోయాక నగరానికి డబ్బెక్కడిది? అందుకే చేయి చాచింది. 2008లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి ఊళ్ళ కోసం దేశం మొత్తానికి 392 కోట్ల డాలర్లు కేటాయించింది. డెట్రాయిట్ వాటా 4 కోట్ల 71 లక్షలు. ఏ ఇంటికి, ఏ పనికి అన్నది 18 నెలల్లో తేల్చాలని గడువు. నిధులొచ్చాక గడువు తరుముతుంటే ఆఫీసులో ఎంత టెన్షన్‌గా ఉంటుందో నీకు నేను చెప్పాలా! చివరికి 2013 జులైలో నగరమే దివాలా పిటిషన్ వేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. 2010లో 'హార్డెస్ట్ హిట్ ఫండ్' అని పెట్టారు. ఉద్యోగం పోయి వాయిదాలు కట్టలేనివాళ్ళు ఇల్లు పోగొట్టుకోకుండా ఆదుకోవడానికి అది. 2013లో అందులోంచి మిషిగన్‌లో ఐదు ఊళ్ళకి 10 కోట్ల డాలర్లు ఖాళీ ఇళ్ళు కూల్చడానికి మళ్ళించారు. అందులో డెట్రాయిట్‌కి 5 కోట్ల 20 లక్షలు. తర్వాత ఇంకా వచ్చాయి. కూల్చడం అక్కర్లేదని నేననను, ఆ ముసలావిడ పక్కన నిలబడితే నువ్వూ అనలేవు. కానీ ఇంట్లో మనిషి ఉన్నప్పుడు ఖర్చుపెట్టాల్సిన డబ్బు మనిషి పోయాక గోడల మీద ఖర్చయిందిరా. అది నేను జీర్ణించుకోలేకపోతున్నాను.

ఇక నీ శాఖ సంగతి. ఇక్కడి చట్టం ప్రకారం మూడేళ్ళు ఇంటి పన్ను బాకీ పడితే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఇల్లు తీసేసుకుని వేలం వేస్తుంది. బాకీ మీద వడ్డీ ఏడాదికి 18 శాతం దాకా పోతుంది. ఇళ్ళ ధరలు కుప్పకూలాక కూడా నగరం పాత విలువల మీదే పన్ను వేస్తూ వచ్చింది. అసలు విలువలో సగానికి మించి పన్ను లెక్కకి పట్టుకోకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. ఊరంతటా ఇళ్ళ విలువ మళ్ళీ కట్టింది 2017లో, అదీ అరవై ఏళ్ళ తర్వాత! పేదవాళ్ళకి పన్ను మాఫీ ఉంది, కానీ అప్పట్లో ఏటా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. చాలామందికి అలాంటిది ఉందనే తెలియలేదు. అంటే కట్టనక్కర్లేని పన్ను కింద ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు కౌంటీ వేలంలో ఐదు వందల డాలర్లకి కూడా పోయాయి. కొన్నవాళ్ళలో కొందరు అద్దెలు పిండుకుని, పన్ను కట్టకుండా మళ్ళీ వదిలేశారు. అప్పుడు దాన్ని కూల్చడానికి ప్రజల డబ్బు.

2020 నవంబరులో ఓటర్లు ఈ ఖాళీ ఇళ్ళ పని కోసం నగరం బాండ్లు అమ్మి 25 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకోవడానికి ఒప్పుకున్నారు. అప్పటి మేయర్ మైక్ డుగ్గన్ అంతకుముందు ఏడాది తెచ్చిన ప్రతిపాదనని కౌన్సిల్ తోసిపుచ్చింది. ఈసారి కూల్చేవి ఎనిమిది వేలు, బాగుచేసి నిలబెట్టేవి ఎనిమిది వేలు అని లెక్క చెప్పారు. ఆ రెండో మాట వినడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆ కాలిపోయిన ఇల్లు ఇప్పుడు లేదు. కూల్చి, మట్టి నింపి, గడ్డి విత్తనాలు చల్లారు. ల్యాండ్ బ్యాంక్ అని ఇలాంటి ఆస్తులు చూసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, నువ్వన్న వెయ్యి డాలర్ల వేలం కూడా దానిదే. పక్కింటివాళ్ళకి ఆ స్థలాన్ని వంద డాలర్లకే ఇస్తుంది. పెద్దావిడ కొనుక్కుంది. టమాటాలు వేసింది, మన గోంగూర లాగా వాళ్ళు ఇష్టంగా వండుకునే కొలార్డ్ ఆకు వేసింది. పోయిన వేసవిలో నాకు ఒక సంచీ నిండా ఇచ్చింది.

కాబట్టి వెయ్యి డాలర్ల ఇల్లు మనకొద్దురా. కొన్నాక ఆరు నెలల్లో బాగుచేసి మనుషులు ఉండేలా చేయాలని షరతు, నువ్వు తెనాలిలో, నేను ఇక్కడ. ఆ వీధిలో ఉండాలనుకునేవాడికే అది దక్కాలి.

మా నాన్న ఇల్లు తాళం వేసి ఈ సంక్రాంతికి ఆరేళ్ళు. రోజూ ఆ వీధినే పోతుంటావు కదా, ఒక ఆదివారం తలుపులు తీయించి పెంకులు, దూలాలు ఎలా ఉన్నాయో చూడు. ఈ ఏటి పన్ను ఎంతో రాయి, వెంటనే పంపిస్తాను. ఎవరైనా పిల్లాజెల్లా ఉన్నవాళ్ళు అద్దెకి వస్తామంటే అద్దె ఎంతని బేరమాడకు, ఇచ్చేయ్. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
కిట్టూ