దానియేలు 2: ఆ రాయి గురించి

ప్రియ సహోదరీ సహోదరులారా, వందనాలు. బబులోను రాజు నెబుకద్నెజరు కలలో చూసిన పెద్ద ప్రతిమకున్న ఇనుము, మట్టి కలిసిన పాదాలు నేటి ఏ దేశమని నిన్న రాత్రి చాలాసేపు చర్చించుకున్నాం. 38వ వచనం మళ్లీ చదవండి. ఆ ప్రతిమ బంగారు తల నెబుకద్నెజరే అని, కల భావం వివరిస్తూ దానియేలు చెప్పాడు. ప్రతిమలోని మిగతా భాగాలు సూచించే తర్వాతి రాజ్యాలకు ఈ అధ్యాయంలో పేర్లే లేవు. నాలుగోది రోము అని చాలామంది, గ్రీకు రాజ్యమని కొందరు పండితులు అంటారు. నా మనసు మాత్రం ఆ ప్రతిమను పగలగొట్టిన రాయి దగ్గరే ఆగిపోయింది. అది చేతి సహాయం లేకుండా తీయబడింది! ఆ రాయి సూచించే దేవుని రాజ్యం ఏ సైన్యమూ తెచ్చేది కాదు. పాదాలను కొట్టిన ఆ రాయే మహా పర్వతమై భూమినంతా నింపింది. దయచేసి దేశాల పేర్లు అంటగట్టే వీడియోలు ఇక్కడ పంపకండి. ఆదివారం కూటానికి 31 నుంచి 45 వరకు చదివి రండి. మత్తయి 13లోని ఆవగింజ ఉపమానం కూడా.