బండి తాళం, పోలీసు తనిఖీ, మన పిల్లలు: సంక్రాంతి సెలవులకు ముందు ప్రధానోపాధ్యాయుని లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

ఈ నెల వార్తాలేఖలో పరీక్షల ఫలితాల గురించి రాయవలసి ఉంది. ఆ వివరాలను తరగతి ఉపాధ్యాయులు ప్రగతి పత్రాలలో మీకు అందజేస్తారు కనుక, ఈ పుటను పూర్తిగా మరొక విషయానికి కేటాయిస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు కొందరు మోటారు సైకిళ్లపై బడికి వస్తున్నారు. ప్రాంగణంలోకి బండ్లను అనుమతించము కనుక, కాలువ అవతలి ఇళ్ల పెరళ్లలోనో కిరాణా కొట్టు పక్కనో వాటిని నిలిపి, అక్కడి నుంచి నడిచి, ఏమీ ఎరగనట్టు ప్రార్థనకు వచ్చి నిలబడుతున్నారు. గత వారం ఒక ఉదయం నేను స్వయంగా వెళ్లి చూస్తే అటువంటి బండ్లు పదికి మించి కనిపించాయి. కొన్నింటికి సైలెన్సరు మార్చి ఉంది. ఒకదానికి వెనుక నంబరు పలక లేదు. హెల్మెట్టు మాత్రం ఒక్క బండికీ తగిలించి లేదు.

మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు డెల్టా అంతటా పాకిన తరువాత మన ఊళ్ల దారులు చాలావరకు ఆ గట్లనే పట్టుకుని పెరిగాయి. ఒకపక్క నీరు, మరొకపక్క కొబ్బరితోటో చేపల చెరువో, మధ్యలో పిట్టగోడ లేని మలుపులు, లాకుల దగ్గర ఒక్క వాహనమే పట్టే వంతెనలు. ఈ రోజుల్లో సార్వా (తొలి పంట) ధాన్యాన్ని సగం రోడ్డు మేర ఆరబోసి, బరకాలు ఎగరకుండా అంచున రాళ్లు పెడుతున్నారు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, దమ్ము చేసిన ట్రాక్టర్లు చక్రాల నిండా బురదతో రోడ్డెక్కుతున్నాయి. చేపల లారీల నుంచి కారిన నీటితో తారు రోడ్డు జారుడుగా ఉంటోంది. గడ్డి వేసుకుపోయే ట్రక్కులకు వెనుక దీపం ఉండడం అరుదు. వీటన్నిటి మీద తెల్లవారుజామున మంచు పడుతోంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఉన్నది కంటపడి చెయ్యి బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక్క సెకను పట్టినా, ఆలోపు బండి అదే వేగంతో 17 మీటర్లు సాగిపోతుంది; ఆగడం ఆ తరువాతి మాట. మంచులో పదిహేను మీటర్ల అవతల ఏముందో కనిపించని గట్టు మీద అయిదున్నర గంటల ట్యూషన్‌కు బయలుదేరిన పిల్లవాడి పరిస్థితి ఏమిటో ఈ లెక్కను బట్టి ఆలోచించండి. కాలువలో పడితే, గుర్రపుడెక్క కింద మనిషి ఎక్కడున్నాడో గట్టు మీది వారికి కనిపించదు.

చట్టం గురించి మీలో చాలామందికి రెండు అపోహలు ఉన్నట్టు సమావేశాలలో గమనించాను. గేర్లు లేని స్కూటరును పదహారేళ్లకే నడపవచ్చన్నది మొదటిది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పదహారేళ్లు నిండినవారు నడపదగినది ఇంజను సామర్థ్యం 50 సీసీ మించని బండి మాత్రమే, దానికి కూడా లైసెన్సు ఉండాలి. మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు 100, 110, 125 సీసీలవి. వాటికి పద్దెనిమిదేళ్లు నిండవలసిందే. బ్యాటరీ బండికి లైసెన్సు అక్కరలేదన్నది రెండవ అపోహ. మోటారు సామర్థ్యం 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించని వాటికే ఆ మినహాయింపు వర్తిస్తుంది. అంతకు మించిన వేగంతో పోయే బ్యాటరీ స్కూటరు, అమ్మిన వారు ఏమి చెప్పినా, చట్టం దృష్టిలో మోటారు సైకిలే.

2019లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అనే కొత్త సెక్షను చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు గానీ బండి యజమాని గానీ దోషి అవుతాడని, మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయని, ఆ బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలల పాటు రద్దవుతుందని, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు నిండే వరకు లెర్నర్ లైసెన్సు కూడా రాదని ఆ సెక్షను చెబుతోంది. మీకు తెలియకుండా బండి తీసుకువెళ్లాడని నిరూపించుకునే భారం కూడా మీదే. పెద్దల సమ్మతితోనే తీసుకువెళ్లాడని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. తాళం గూట్లో, అందరికీ అందేచోట ఉన్నప్పుడు ఆ నిరూపణ ఎంత కష్టమో మీరే ఊహించండి. ఇరవై అయిదేళ్ల వరకు లైసెన్సు లేకపోవడం అంటే, డిగ్రీయో ఐటీఐయో పూర్తి చేసి డ్రైవింగుతో కూడిన ఉద్యోగానికి వెళ్లాలనుకున్న కుర్రవాడి దారి అక్కడే ఆగిపోవడం.

కోనసీమలో చాలా ఇళ్లలో తండ్రి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అక్కడి నుంచి పంపిన సొమ్ముతో బండి కొంటారు, సి-బుక్కు (రిజిస్ట్రేషను పత్రం) ఆయన పేరు మీదనే ఉంటుంది, ఇంట్లో నడపగలిగినవాడు పదిహేనేళ్ల కొడుకు ఒక్కడే. పాల కేంద్రానికి, బ్యాంకుకు, నానమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి అతడే దిక్కు. ఆ తల్లుల ఇబ్బంది నాకు తెలుసు, వారిని నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. అయితే ఆ బండి తగిలి ఒకరు గాయపడినా మరణించినా కేసు ఎవరి మీద నడుస్తుందో కూడా తెలిసి ఉండాలి. లైసెన్సు లేనివారు నడిపిన సందర్భంలో ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి రాబట్టుకునేలా న్యాయస్థానాలు ఉత్తర్వులు ఇస్తున్నాయి. పదేళ్లు ఎడారిలో కష్టపడి కొనుక్కున్న అర ఎకరం కొబ్బరితోట అలా పోవచ్చు.

ఇక పోలీసుల సంగతి. కూడలిలో ఆపినప్పుడు వారు అడిగేవి లైసెన్సు, సి-బుక్కు, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం. ఇవి డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో ఉన్నా చెల్లుతాయి. లైసెన్సు లేకుండా నడుపుతున్న బండిని స్వాధీనం చేసుకునే అధికారం 207 సెక్షను కింద పోలీసులకు ఉంది. హెల్మెట్టు లేకపోతే చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు నిలిపివేత. ముగ్గురు ఎక్కినా అంతే. రోడ్డు మీద పందేలు వేస్తే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ప్రమాదకరంగా నడపడాన్ని ఇంకా తీవ్రంగా చూస్తారు, ఫోను చేత్తో పట్టుకుని నడపడం కూడా ఇప్పుడు ఆ కోవలోకే వస్తుంది. సైలెన్సరు మార్చి చెవులు చిల్లులుపడే మోతతో తిరిగేవారిపై శబ్ద కాలుష్యం కింద కేసు పెట్టవచ్చు. రాష్ట్రంలో పలు పట్టణాలలో అటువంటి సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కించారు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయిదేళ్ల వరకు జైలు ఉంది. పాత చట్టంలో అది రెండేళ్లే. మైనరు విషయంలో విచారణ బాలల న్యాయ మండలి ముందు జరుగుతుంది.

చాలాసార్లు వ్యవహారం అంత దూరం పోదు. పోలీసులు పిల్లవాడిని కూర్చోబెట్టి, తల్లిదండ్రులకు కబురుచేసి, ఇద్దరి ఎదుటా మాట్లాడి, చలానా రాసి పంపుతారు. నా అనుభవంలో పిల్లవాడి ప్రాణానికి మేలు చేసేది ఆ అరగంటే. మనం తప్పించుకుంటున్నది కూడా దానినే. కబురు రాగానే తండ్రి స్టేషనుకు బయలుదేరడు. ఎవరికి ఫోను చేయాలా అని ఆలోచిస్తాడు. సర్పంచి గారికో, పార్టీ నాయకునికో, తెలిసిన కానిస్టేబులుకో, కొన్నిసార్లు నాకు కూడా. చలానా లేకుండా బండి బయటికి వస్తుంది. మా వాళ్లు ఒక్క ఫోనుతో తెప్పించారని పిల్లవాడు మర్నాడు తరగతిలో గొప్పగా చెబుతాడు.

ఆ ఫోను నేనూ ఒకసారి చేశాను. చాలా ఏళ్ల కిందట, మరొక ఊరి బడిలో పనిచేస్తుండగా, పదో తరగతి విద్యార్థి ఒకడు మరో ఇద్దరిని ఎక్కించుకుని పోతూ దొరికాడు. సాయంత్రం అతని తల్లి మా ఇంటికి వచ్చి ఏడిస్తే, చదువుకునే పిల్లవాడు కదా అని నాకు పరిచయమున్న అధికారికి చెప్పాను. అరగంటలో బండి వచ్చింది. నెల తిరగకముందే అదే బండితో కాలువ గట్టు మలుపులో గడ్డి ట్రాక్టరును వెనుక నుంచి గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు ఇప్పటికీ వంగదు. ఆ సంవత్సరం పబ్లిక్ పరీక్షలు రాయలేకపోయాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎక్కడ కనిపించినా, "ఆ రోజు మీరు ఫోను చేసి మావాణ్ణి విడిపించారు మాస్టారూ" అని కృతజ్ఞతగానే చెబుతారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించదు.

అందువల్ల ఇకమీదట ఎవరి కోసమూ ఆ ఫోను చేయను. మీరు కూడా ఎవరి చేతా చేయించవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. కబురు వస్తే మీరే వెళ్లండి, పిల్లవాడి పక్కన కూర్చోండి, అధికారి చెప్పేది అతడితో పాటు వినండి, చలానా కట్టి రశీదు తీసుకోండి. రమ్మంటే, ఏ వేళైనా, నేనూ మీ వెంట వచ్చి కూర్చుంటాను. పిల్లవాడిపై చేయి చేసుకోవడాన్ని, బూతులు తిట్టడాన్ని, రశీదు లేకుండా డబ్బు అడగడాన్ని నేను సమర్థించను. అటువంటిది జరిగితే పై అధికారులకు రాసే ఫిర్యాదుపై మీ సంతకం పక్కన నా సంతకం కూడా ఉంటుంది.

పోలీసులను చూపి పిల్లలను బెదిరించే అలవాటు కూడా మానాలి. చిన్నప్పటి నుంచి అలా పెరిగిన పిల్లవాడు తనిఖీ కనిపించగానే బండిని వెనక్కి తిప్పి, వచ్చేపోయే లారీలను చూసుకోకుండా అడ్డదారిన పారిపోతాడు. చలానాకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. తప్పు చేసి ఉన్నా సరే, చెయ్యెత్తితే ఆగాలని, ఆగితే ఇంట్లో కొట్టరని మీ నోటితో ఈ రాత్రే చెప్పండి. అలాగే, రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చేయడానికో ఆసుపత్రికి చేర్చడానికో వెనుకాడనక్కర లేదని కూడా చెప్పండి. సదుద్దేశంతో సాయపడినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షను రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని కూడా వారిని బలవంతపెట్టకూడదు.

సెలవులు దగ్గరపడ్డాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బావలు, అన్నలు పెద్ద బండ్లతో దిగుతారు. ఒక్క రౌండు వేసి వస్తానంటే కాదనడం పండగ పూట ఎవరికీ మనస్కరించదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారులలో జనం, ప్రభలను మోసేవారు, పిల్లలను ఎత్తుకున్న తల్లులు కిక్కిరిసి ఉంటారు. ఆ దారుల్లోనే ముగ్గురేసి కుర్రవాళ్లు మోత పెట్టుకుంటూ దూసుకుపోవడం ఏటా చూస్తున్నాము. అల్లుడు అలుగుతాడనో మేనల్లుడు చిన్నబుచ్చుకుంటాడనో తాళం ఇవ్వకండి. పెద్దలు నడిపేటప్పుడు కూడా వెనుక కూర్చున్నవారితో సహా ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకోవాలి. పట్టీ బిగించని హెల్మెట్టు పడేటప్పుడు తలకన్నా ముందే ఎగిరిపోతుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్టు తప్పనిసరి అన్న సంగతి మనలో చాలామందికి పట్టడం లేదు.

బడి తరఫున చేస్తున్న ఏర్పాట్లు ఇవి. సెలవులకు ముందు శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తల్లిదండ్రుల సమావేశం ఉంటుంది, దానికి మన స్టేషను ఎస్ఐ గారిని ఆహ్వానించాము. మీ సందేహాలు, మీ ఫిర్యాదులు కూడా ఆయన ఎదుటే అడగవచ్చు. చుట్టుపక్కల ఇళ్లవారితోనూ కొట్టువారితోనూ మాట్లాడాను. సెలవుల తరువాత విద్యార్థుల బండ్లను తమ ఆవరణలో నిలపనివ్వబోమని వారు మాట ఇచ్చారు. తెల్లవారుజాము ట్యూషన్లను మంచు తగ్గేవరకు ఏడు గంటలకు జరపమని ఊళ్లోని మాస్టార్లను కోరాను, ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు. తండ్రి దూరంగా ఉండి, కొడుకు బండి నడపక తప్పని ఇళ్లవారు దయచేసి నన్ను విడిగా కలవండి. అదే వీధి పెద్దలలో ఎవరు సాయపడగలరో, ఏ ఆటో కుదురుతుందో కలిసి ఆలోచిద్దాము.

అటకల మీద, పశువుల పాకల్లో తుప్పు పడుతున్న సైకిళ్లు ఉంటే ఆ శనివారం ఉదయమే బడికి తీసుకురండి. ట్యూబులు మార్చి, బ్రేకులు బిగించడానికి సైకిలు షాపు అబ్బాయిని రమ్మన్నాము. ఆ ఖర్చు బడి భరిస్తుంది. మీ ఇంట్లో వాడేవారు లేకపోతే పేరు రాయించి వదిలి వెళ్లండి, అవసరమున్న పిల్లలకు అదే రోజు అందజేస్తాము.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు