పండగ పూటకు కాదు, పండగ పనికి రండి

సంపాదకులకు,

అయ్యా,

సంక్రాంతి వెళ్లిన వారంలో పత్రికల్లో ఏటా ఒకే తరహా ఫొటో కనిపిస్తుంది. వీధి అరుగు మీద ఒక ముసలాయన, గుమ్మంలో ఆయన భార్య, మలుపు తిరుగుతున్న కారు వైపు చూస్తూ ఉంటారు. మళ్లీ పండగ దాకా వీళ్లకు ఎదురుచూపులే మిగిలాయన్న అర్థంలో కింద ఒక వాక్యం ఉంటుంది. ఈ ఏడు మీ పత్రికలోనూ అలాంటిది చూశాను. తపాలా శాఖలో 37 ఏళ్లు పనిచేసి, సబ్ పోస్ట్‌మాస్టరుగా పదవీ విరమణ చేసి, కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలోని సొంత ఊళ్లో 9 ఏళ్లుగా కాపురం ఉంటున్నవాణ్ని కనుక, ఆ ఫొటోలోని ముసలాయన తరఫున ఒక మాట చెప్పుకునే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. మేము ఏడాది పొడుగునా అరుగు మీద కూర్చుని ఎదురుచూడటం లేదు. అంత తీరిక మాకు లేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా ఏడాది ఆదివారాల మీదా, ప్రభుత్వం ప్రకటించే సెలవుల మీదా నడిచింది. విరమించాక అది తిథుల మీదికి మళ్లింది. చైత్రంలో వేపపువ్వు దులిపి, నీడన ఆరబెట్టి, ఏడాదికి సరిపడా డబ్బాలో పోసుకోవాలి. ఎండలు ముదిరాక, టెంక గట్టిపడిన కొత్తపల్లి కొబ్బరి కాయ ఏ తోటలో దిగుతుందో కనుక్కుని, తొలకరి చినుకు పడకముందే ఆవకాయ జాడీకి వాసెన కట్టాలి. భాద్రపద బహుళంలో పెద్దల తిథులు, ఆశ్వయుజంలో అట్లతద్ది ఊయలలు, కార్తీకంలో తెల్లవారుజాము స్నానాలూ, ఉసిరి చెట్టు కింద భోజనాలూ, ఆ మర్నెల పాడ్యమినాడు పోలి స్వర్గానికి కాలువలో వదిలే అరటి దొప్పల దీపాలూ వరసగా వస్తాయి. కార్తీకం ఇంచుమించుగా నవంబరులోనే పడుతుంది, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులం మేమింకా బతికే ఉన్నామని రుజువు చూపించుకోవలసిందీ ఆ నెలలోనే. 2014లో ఆ రుజువును ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలింది. ఇప్పుడు ఫోను ముందు ముఖం పెట్టి కన్ను ఆర్పినా ఒప్పుకుంటోంది. దీపం వదిలి వచ్చి, తడి జుట్టుతోనే ఆ పని కూడా ముగించే మిత్రులు నాకున్నారు.

ఇంట్లో తేదీల లెక్క కూడా నా పాలిటికే వచ్చింది. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వచ్చేది కనుక జనవరి 14నో 15నో కదలకుండా కూర్చుంటుంది గాని, చంద్రుణ్ని నమ్ముకున్న తిథులన్నీ ఏటా పదిపదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. "నాన్నా, తాతయ్య తద్దినం ఈసారి ఎన్నో తారీఖు?" అని పిల్లలు ఏటా అడుగుతుంటే, ఉగాదినాడు కొత్త పంచాంగం దగ్గర పెట్టుకుని, మా ఇంటికి సంబంధించిన తిథులన్నిటినీ ఒక కాగితం మీద తారీఖులుగా మార్చి, దాన్ని ఫొటో తీసి ఇద్దరికీ పంపించడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు గుళ్లో చదివే ఆదాయ వ్యయాలు మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. పింఛనుదారు ఆదాయం ఎంతో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. పండగ పని పండగకు చాలా ముందే అయిపోతుంది. భోగినాడు ఉదయం కారు దిగే కొడుకూ కోడలూ మనవలూ చూసేది అయిపోయిన పనిని మాత్రమే. అరిసెల సంగతే తీసుకోండి. కొత్త బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, ఓడ్చాక తడి ఆరకముందే మరపట్టించి జల్లించాలి, జల్లించిన పిండిని గాలి తగలకుండా అదిమి మూత పెట్టాలి. మా ఇంటి లెక్కలో కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పళ్లెంలో నీళ్లు పోసి అందులో పాకం చుక్క వేస్తే, వేళ్లకు మెత్తని ఉండగా కూడాలి. కాస్త ముదిరితే అరిసె రాయవుతుంది, కాస్త లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. ఆ మధ్యనున్న క్షణాన్ని వీడియో చూసి పట్టుకోవడం నావల్ల కాలేదు, ఎందుకంటే బెల్లం ఏటా ఒకలా ఉండదు, బియ్యమూ ఒకలా ఉండదు. మా ఆవిడ గరిటె ఎత్తి పాకం జారే తీరును బట్టే చెప్పేస్తుంది. నీళ్లలో వేసి ఉండ కట్టి చూసేది నా నమ్మకం కోసమే. ఈ విద్య పక్కన నిలబడినవాళ్లకే వస్తుంది, అది జరిగే రోజున పక్కన ఎవరూ ఉండరు.

మా ప్రాంతంలో ఇంటి పనికే కాదు, ఊరి పనికీ ఇది వర్తిస్తుంది. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లను నిలిపి ఊరేగించే ఎత్తయిన వెదురు కట్లు, చేరతాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఆ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభలను భుజాలకెత్తుకుని కాలువ నీళ్లలోంచి దాటించే దృశ్యాన్ని మా పిల్లల ఈడువాళ్లందరూ ఫోనులో పట్టుకుంటారు. ప్రభకు వెదుళ్లు తెచ్చి, చీల్చి, వంచి, రంగు గుడ్డలు చుట్టే రోజుల్లో మాత్రం అక్కడ ఉండేది ఊళ్లో మిగిలిన కొద్దిమందే. వాళ్లలో నా వయసువాళ్లు ఎందరో చూస్తే, పదేళ్ల తర్వాత ఈ కట్టు కట్టేది ఎవరన్న ఆలోచన రాక మానదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. పదవీ విరమణ ఉత్తర్వు నాకు వచ్చింది, మా ఆవిడకు రాలేదు. ఉద్యోగంలో ఉండగా సంక్రాంతి ముందు రోజుల్లో మనియార్డర్లూ పార్సెళ్లూ అంటూ పొద్దుపోయే దాకా ఆఫీసులో ఉండి, ఇంటికి వచ్చేసరికి డబ్బాల్లో సర్ది ఉన్న జంతికలూ సున్నుండలూ చూసి, అవి వాటంతటవే వచ్చి కూర్చున్నట్టుగా తిన్నవాణ్ని. ఇంటికి వచ్చేసిన మొదటి ఏడు మాత్రమే ఆ పది రోజుల పనిని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాను. మోకాళ్ల నొప్పితో పొయ్యి ముందు మూడేసి గంటలు నిలబడి, ఆ సాయంత్రమే మర్నాటి పిండికి బియ్యం నానబోసే మనిషిని చూశాక, 'నాకు తీరిక దొరికింది' అని పదిమందికీ చెప్పుకోవడం మానేశాను. ముప్పై ఏడేళ్లు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి కనుక, నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య నొక్కడం తొందరగానే పట్టుబడింది. ఆవకాయ ముక్క మాత్రం పెంకు చెదరకుండా కొట్టడానికి మూడు వేసవులు పట్టింది. విరమించిన నా మిత్రుల్లో చాలామంది ఇప్పటికీ కాఫీ అడగడమే తప్ప కలుపుకోవడం ఎరగరు. ఈ ఉత్తరం వాళ్లు చదివితే నా మీద కోపం వస్తుంది, రానివ్వండి.

పిల్లలు పని జరిగే వేళకు రాకపోవడంలోనూ తప్పంతా వాళ్లది కాదు. వాళ్లు వచ్చేసరికి అన్నీ ముగించి, ఇల్లు కడిగి, 'మీరు సెలవు మీద వచ్చారు, కాస్త నడుం వాల్చండి' అని చెప్పేది మేమే. ఒకసారి మా కోడలు వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యగారూ, చలిమిడి నేను కలపనా?" అని అడిగితే, "మీకెందుకమ్మా ఈ చాకిరీ" అని మా ఆవిడ గరిటె ఇవ్వలేదు. అది ప్రేమతో అన్న మాటే. మర్నాడు ఆ అమ్మాయి చేయడానికి పనేమీ లేక, వచ్చిన చుట్టంలాగా హాల్లో కూర్చుంది.

ఈ పద్ధతి మా ఇంట్లో కిందటి డిసెంబరులో అనుకోకుండా మారింది. మా అమ్మాయి కుటుంబం ఉండేది బెంగళూరులో. మనవరాలి బడికి సంక్రాంతికి ఒక్కరోజే సెలవు. ఏటా రెండు రోజులు బడి మానిపించి, రాత్రి బస్సుల్లో నలిగి, కనుమ సాయంత్రానికే తిరుగు ప్రయాణం కట్టేవారు. ఈసారి అల్లుడుగారికి సెలవు దొరకదని ముందే తెలిసిపోవడంతో, తల్లీకూతుళ్లు క్రిస్మస్ సెలవులకు వచ్చి 8 రోజులు ఉండి వెళ్లారు. పండగకు లేకపోతే ఇదేం రావడమని మొదట నేనే సణిగాను. తీరా చూస్తే ఆ సెలవులు సరిగ్గా ధనుర్మాసం నడుమ పడ్డాయి. పిల్ల రోజూ పొద్దున్నే అమ్మమ్మతో పాటు లేచి ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టింది. బియ్యం పోయడానికి తన ఎత్తుకు అందేలా హరిదాసు మోకాలి మీద వంగితే, ఆ పాత్ర తల మీంచి పడిపోదేమని రెండు రోజులు ప్రశ్నలు వేసింది. మా అమ్మాయి మొదటి వాయి పాకం ముదరబెట్టింది, రెండో వాయి వాళ్లమ్మ నోరు మెదపకుండా నిలబడి చూస్తుండగా సరిగ్గా దించింది. ఆ ముదిరిన వాయి అరిసెలను కొరకడానికి నా పళ్లు సహకరించలేదు గాని, ఒక్కటీ పారేయలేదు.

మనవరాలు భోగి పిడకలు కూడా చేసింది. చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, వేలితో మధ్యలో చిల్లు పెట్టి, పెరటి గోడ పక్కన ఎండబెట్టి, కొబ్బరి తాడుకు గుచ్చడానికి 63 అని లెక్క రాసుకుంది. డిసెంబరు ఎండకు అవి తొందరగా ఆరవు కనుక, గుచ్చే పని నాకు అప్పజెప్పి జనవరి 1న బెంగళూరు వెళ్లిపోయింది. భోగినాడు ఆ దండను మంటలో వేస్తూ ఫోనులో చూపించాను. ఇంట్లో పిల్లల కేకలు లేని భోగి మాకు అదే మొదటిది. కాస్త వెలితిగా ఉన్న మాట నిజమే, దాన్ని దాచను. అయితే ఫోనులో ఆ పిల్ల అడిగింది ఒకటే: దండలో 54 మాత్రమే ఉన్నాయి, మిగతా 9 ఏమయ్యాయి? తడి ఆరక నేను పక్కన పెట్టేసిన ఆ తొమ్మిదింటినీ రథసప్తమినాడు తులసికోట దగ్గర రాజేసి, పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకులో పెట్టి ఫొటో పంపాక గాని లెక్క సరిపోయిందని ఒప్పుకోలేదు.

పిండివంటలు కొనుక్కుంటే సరిపోయే కాలంలో ఈ అవస్థ దేనికని అడిగేవారున్నారు. నేను కొనడానికి విరోధిని కాను. ఆత్రేయపురం పూతరేకులు ఏ ఊరికి కావాలంటే ఆ ఊరికి వెళుతున్నాయి, వాటి మీద ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి. మా ఇంట్లోనూ పూతరేకులు కొన్నవే. తినడానికి కొనుక్కోవచ్చు. తల్లి పక్కన నిలబడి, తిట్లు తింటూ, మేనత్తల కబుర్లు వింటూ గడిపే ఒక మధ్యాహ్నం ఏ దుకాణంలోనూ కిలోల లెక్కన దొరకదు. మా నాన్నగారి చిన్ననాటి సంగతులు నాకు తెలిసినవన్నీ కొబ్బరికాయలు వలిచే వేళ విన్నవే. తీరిగ్గా కూర్చోబెట్టి ఆయన ఎన్నడూ ఏదీ చెప్పలేదు.

రాకపోకల గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. రైలు టిక్కెట్లు 2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. అంటే సంక్రాంతి టిక్కెట్టు కోసం నవంబరు రెండో వారంలోనే ఫోను పట్టుకుని కూర్చోవాలి. అందరూ ఒకే రోజున రావాలనుకునేసరికి ఆ తొక్కిసలాట తప్పదు. మా కోనసీమవాళ్లకైతే రాజమండ్రి వెళ్లి రైలెక్కడం ఇప్పటికీ తప్పలేదు, కోటిపల్లి దగ్గర ఆగిన రైలు గోదావరి దాటి మా వైపుకు ఎప్పుడు వస్తుందో ఆ గోదావరికే తెలియాలి. పిల్లలు రాలేనప్పుడు మేమే వెళదామన్నా, 60 దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన ఆడవారికి 50 శాతం చొప్పున ఉండిన రాయితీని 2020 మార్చిలో కోవిడ్ పేరుతో ఆపేసి, మళ్లీ ఇవ్వలేదు. పండగ రద్దీలో వద్దనుకుంటే మానె, రద్దీ లేని నెలల్లో ఖాళీగా పోయే బెర్తులకైనా దాన్ని తిరిగి ఇస్తే, రైల్వేకు పోయేదేమీ లేదు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. ఆ అరుగు మీది ఫొటోను వచ్చే జనవరిలో వేయకండి. దానికి బదులు డిసెంబరు నడిమికి, ధనుర్మాసం మొదలయ్యే రోజున, ఏ ఇంట్లో ఏ పని ఎప్పుడు జరుగుతుందో, ఏ ఊళ్లో ప్రభ ఎప్పుడు కడతారో రాయండి. చదివి ఒక్క కుటుంబం తన ప్రయాణాన్ని పది రోజులు ముందుకు జరుపుకున్నా మంచిదే. ఆవకాయకు మే నెలలోనూ, పెద్దల తిథులకు భాద్రపదంలోనూ అలాగే ముందుగా రాయవచ్చు.

ప్రస్తుతం మా అటక మీద రెండు బూడిద గుమ్మడికాయలు ఉన్నాయి. వడియాలు పెట్టాలి. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి వచ్చే శనివారం వస్తానన్నాడు. ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ వేసి, గుడ్డలో మూటగట్టి బరువు పెట్టేది ముందురోజు రాత్రే కనుక, శుక్రవారం రాత్రికే చేరుకొమ్మని చెప్పాను.

భవదీయుడు,
విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టరు,
అంబాజీపేట మండలం, కోనసీమ