శాలువాలు సరే, పిల్లలతో మాట్లాడేదెప్పుడు?

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం మా టౌన్లో ఒక సేవా క్లబ్బు వాళ్ళు ఎక్స్‌చేంజ్ మీద వచ్చిన ఫారిన్ స్టూడెంట్స్‌తో మీటింగ్ పెట్టారు, నేనూ వెళ్ళా. స్టేజీ మీద 11 మంది పెద్దలు, ఒక్కొక్కరికీ శాలువా, బొకే, ఫోటో, దానికే గంటన్నర పట్టింది, పాపం ఆ పిల్లలేమో చల్లారిపోయిన మిర్చి బజ్జీల వంక చూస్తూ కూర్చున్నారు. అసలు మీటింగ్ టీ దగ్గర జరిగిందండీ. బ్రెజిల్ అమ్మాయి ఒకతి, ఇంతకీ మీ క్లబ్బు ఏం చేస్తుంది అనడిగితే, రిటైరైన కాంపౌండర్ గారొకాయన పక్కనున్న పిల్లాడి ఎడమ చిటికెన వేలు పట్టుకుని, పోలియో చుక్కలేశాక ఈ గోరు మీదే మార్కర్‌తో గీత పెడతాం అని చూపించారు. 1995లో పల్స్ పోలియో మొదలైన కాడి నుంచీ బూత్‌లో కూర్చున్నారట, 2011 జనవరిలో బెంగాల్లో వచ్చిందే మన దేశంలో ఆఖరి కేసు, 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు అని ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తుంటే పిల్లలంతా చుట్టూ మూగారు. వచ్చేసారైనా ఇలాంటాయనకి మైకివ్వండయ్యా. అన్నట్టు, మర్నాడు మీ పేపర్లో వచ్చింది మాత్రం శాలువాల ఫోటోనే.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా